కవలలంటే చాలు, కుట్టు వేసేయాలా?

కొత్తనాన్న_కోదాడ:
మావిడకి ఐవీఎఫ్‌లో కవలలు నిలిచారు. పదిహేడో వారం. ఇదే మొదటి కాన్పు, ఇంతకుముందు గర్భం పోయింది లేదు. మా డాక్టరమ్మ “ఇద్దరి బరువుకి గర్భసంచి మూతి తెరుచుకోవచ్చు, ముందే కుట్టు వేసేద్దాం” అంటున్నారు. మా వదిన చూపించుకునే డాక్టరేమో అక్కర్లేదన్నారట. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

జంటపిల్లల_అమ్మ:
వేయించెయ్యి తమ్ముడూ. నాకూ ఐవీఎఫే, పదహారో వారంలో వేశారు. వెన్నుకి మత్తిచ్చారు, అరగంట పని. 35 వారాలు మోశాను. ఇద్దరూ ఇప్పుడు ఒకటో తరగతి. ఆ కుట్టే నా పిల్లల్ని ఆపింది.

లెక్కల_పంతులు:
పిల్లలు చల్లగా ఉండాలమ్మా. కానీ కుట్టు లేకపోయినా కవలలు మామూలుగా 35, 36 వారాలకే పుడుతుంటారు. మీకు కుట్టు ఆపిందో, కాన్పే ఆగిందో ఎలా చెప్తాం?

ఈ కుట్టుకి పేరు తెచ్చింది మన బొంబాయి డాక్టర్ షిరోద్కరే, 1955లో. ఐదో నెల, ఆరో నెలల్లో నొప్పులు లేకుండానే మూతి తెరుచుకుని, మళ్లీ మళ్లీ గర్భం పోగొట్టుకున్నవాళ్ల కోసం చేశారాయన. అక్కడ మూతి బలహీనతే జబ్బు. కవలల్లో ఎక్కువగా గర్భసంచి సాగిపోవడం వల్ల నొప్పులు వస్తాయి. నొప్పుల్ని దారం ఆపదు. పైగా 2005లో పాత పరిశోధనలన్నీ కలిపి చూస్తే, మూతి పొడవు 25 మిల్లీమీటర్ల లోపు ఉన్న కవలల తల్లుల్లో, కుట్టు వేసినవాళ్లకే 35 వారాల లోపు కాన్పులు రెట్టింపు అయ్యాయి.

లేబర్‌రూమ్_నర్స్:
పంతులుగారూ, ఆ లెక్కలో కవలల తల్లులు ఎంతమందో కూడా రాయండి. 49 మందే. అదీ ఎక్కువగా ఒక్క బిడ్డ ఉన్నవాళ్ల కోసం పెట్టిన పరిశోధనల్లోంచి ఏరినవాళ్లు. 2015లో రెండు గుంపుల మధ్య తేడాలు సరిచేసి మళ్లీ చూస్తే ఆ ‘రెట్టింపు’ నిలబడలేదు. మేలు మాత్రం అప్పుడూ కనబడలేదు, అది ఒప్పుకుంటాను.

కానీ నేను డ్యూటీలో చూసేది వేరే రకం. ఇరవై, ఇరవై ఒకటో వారంలో “కాస్త బరువుగా ఉంది సిస్టర్” అని నడుచుకుంటూ వస్తారు. చూస్తే మూతి రెండు సెంటీమీటర్లు తెరుచుకుని ఉమ్మనీటి సంచి కనబడుతుంటుంది. అలాంటివాళ్లకి “కవలలకి కుట్టు పనికిరాదు” అని మంచం మీద పడుకోబెట్టి ఊరుకున్న రోజులు చూశాను. 2020లో అచ్చంగా ఇలా మూతి తెరుచుకున్న కవలల తల్లుల మీదే ఒక పరిశోధన ఫలితం వచ్చింది. కుట్టు వేసిన 17 మందిలో 28 వారాల లోపు కాన్పయింది 7 మందికి. వేయని 13 మందిలో 11 మందికి. కుట్టు వేసినవైపు 34 మంది పిల్లల్లో 6 మంది పోయారు, వేయనివైపు 26 మందిలో 20 మంది. ఇంత తేడా చూశాక మధ్యలోనే ఆపేశారు.

లెక్కల_పంతులు:
49 మందిని చాలరంటారు, 30 మందిని నెత్తిన పెట్టుకుంటారు! పైగా కుట్టుతో పాటు యాంటీబయాటిక్, ఇండోమెథాసిన్ (నొప్పి, వాపు తగ్గించే మందు) కూడా ఇచ్చారు. పని చేసింది ఏది?

లేబర్‌రూమ్_నర్స్:
ఏదైనా కానీండి, మూడూ కలిపే ఇస్తాం. ఆ 30 మందినీ ఈ ప్రశ్న కోసమే చీటీ వేసి విడదీశారు. అయినా ఉమ్మనీరు పోతున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, నొప్పులు మొదలైనా కుట్టు జోలికి వెళ్లకూడదు. ఉమ్మనీటి సంచి చిట్లే ప్రమాదమూ ఉంది, అందుకే చెయ్యి తిరిగిన డాక్టరే వేయాలి.

ఊరికే_చదువరి:
అసలు రెండు పిండాలు పెట్టడమెందుకు? ఒక్కటే పెడితే సరిపోదా?

జంటపిల్లల_అమ్మ:
అప్పు చేసి, తొమ్మిదేళ్లు తిరిగినవాళ్లని అడుగు బాబూ ఆ మాట. 

పంతులుగారికి ఒక మాట. నాకు కుట్టు వేసేముందు మూతి పొడవు ఎవరూ కొలవలేదు. ఇది చదివాకే గుర్తొచ్చింది.

లేబర్‌రూమ్_నర్స్:
అక్కా, అసలు సంగతి అదే. మూతి మూసుకుని, పొడవు బాగుంటే కవలలనే ఒక్క కారణానికి కుట్టు వద్దంటాను, ఈ విషయంలో నేనూ పంతులుగారూ ఒకవైపే. 25 మిల్లీమీటర్ల లోపు ఉంటే లోపల పెట్టుకునే ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మందు గురించి అడగండి. కుట్టు మీద అక్కడే డాక్టర్లు రెండు వర్గాలు. తెరుచుకుంటే మాత్రం ఆ రోజే పెద్దాసుపత్రికి, ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) ఉన్నచోటికి. మంచం దిగకుండా నెలలు గడిపితే కాన్పు ఆగుతుందన్నది మాత్రం వట్టి మాట. పైగా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

కొత్తనాన్న_కోదాడ:
రిపోర్టు తీసి చూశాను. ‘సెర్విక్స్ (మూతి) నార్మల్’ అని ఉంది, మిల్లీమీటర్లు లేవు. పొట్ట మీద నుంచి చేసిన స్కాన్ అది. డాక్టరమ్మకి ఫోన్ చేసి, లోపలి నుంచి స్కాన్ చేసి కొలత చెప్పమని అడిగాను. కాస్త విసుక్కున్నారు గానీ గురువారం రమ్మన్నారు. పొడవు ఎంతొచ్చిందో ఇక్కడే రాస్తాను. కుట్టు తేదీ అప్పటిదాకా వాయిదా.