లిడియా పింకామ్ టానిక్: పచ్చి మోసమా, ఆ కాలపు ఆడవాళ్లకు వేరే దిక్కు లేకా?

పాతసీసా: 1875లో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని లిన్ ఊళ్లో, లిడియా పింకామ్ అనే ఆవిడ ఇంట్లో కాచే మూలికల కషాయాన్ని ‘వెజిటబుల్ కాంపౌండ్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. గర్భసంచి జారడంతో సహా ఆడవాళ్ల బాధలన్నీ ఖాయంగా నయమవుతాయని ప్రచారం. లోపల చూస్తే 18 శాతం దాకా ఆల్కహాల్! నా దృష్టిలో ఇది పచ్చి మోసం. కాదనేవాళ్లు చెప్పండి.

కొండపల్లిబొమ్మ: మరి అప్పటి డాక్టర్లు ఏం చేసేవారండీ? 1872లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో రాబర్ట్ బ్యాటీ అనే సర్జన్ నెలసరి బాధలకని అండాశయాలే కోసి తీసేయడం మొదలుపెట్టాడు. ఆ ఆపరేషన్‌కి ఆయన పేరే నిలిచిపోయింది. పాదరసంతో చేసిన కాలమెల్‌ని విరేచనాల మందుగా ఇచ్చేవారు, మోతాదు మించితే పళ్లు ఊడేవి. వాళ్ల చేతిలో పడేకంటే ఇంట్లో కూర్చుని రెండు చెంచాల కషాయం తాగడమే నయమనుకున్న ఆడవాళ్లను నేనైతే తప్పుపట్టను. అన్నట్టు, అందులో మెంతులు కూడా ఉండేవి.

పాతసీసా: తాగినవాళ్లను నేనూ అనడం లేదు, అమ్మినవాళ్లను అంటున్నాను. డాక్టరు చెడ్డవాడైనంత మాత్రాన వ్యాపారి మంచివాడైపోడు కదా. పైగా ఆ లిడియా గారు మద్యనిషేధాన్ని సమర్థించిన మనిషి! చుక్క ముట్టని ఇళ్లలోకి వైన్ కంటే ఘాటైన సరుకు మందు పేరుతో వెళ్లింది.

మందులషాపు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. అసలు దారుణం మిసెస్ విన్‌స్లోస్ సూతింగ్ సిరప్. పళ్లొచ్చే పసిపిల్లల ఏడుపు ఆపడానికని 1849 నుంచి అమ్మారు. ఔన్సుకి, అంటే సుమారు 30 మి.లీ.కి, 65 మి.గ్రా. మార్ఫిన్! పిల్ల నిద్రపోయిందని తల్లి సంతోషిస్తుంది, కొందరు పిల్లలు మళ్లీ లేవలేదు. దాని పక్కన పింకామ్ టానిక్ ఎంత?

గోలీసోడా: అంత దూరం ఎందుకు, కాశీనాథుని నాగేశ్వరరావు గారి అమృతాంజనం కూడా 1893 నాటిదే. కచేరీల్లో ఉచితంగా పంచి మరీ అలవాటు చేశారు. అదీ మోసమేనా?

పాతసీసా: తలనొప్పికి రాసుకునే బామ్ పనిచేస్తుందో లేదో అరగంటలో మనకే తెలిసిపోతుంది. జారిన గర్భసంచిని ఏ కషాయమూ పైకెక్కించదు.

మందులషాపు: చట్టానికి కూడా ఈ తేడా పట్టుకోవడం అంత తేలిక కాలేదు. అమెరికాలో 1906లో వచ్చిన ఆహార, ఔషధ చట్టం ప్రకారం ఆల్కహాల్, మార్ఫిన్ లాంటివి ఉంటే లేబుల్ మీద చెప్పాల్సి వచ్చేది. కానీ రోగం కుదురుస్తుందని అబద్ధం చెప్పడం ఆ చట్టం కిందికి రాదని 1911లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది సవరించారు గానీ, మోసం చేసే ఉద్దేశం ఉందని ప్రభుత్వమే నిరూపించాల్సి వచ్చేది. పింకామ్ కుటుంబం తమ మందుని నిజంగానే నమ్మి ఉంటే?

పాతసీసా: మందుని నమ్మారనే అనుకుందాం. లిడియా 1883లో చనిపోయింది. ఆ తర్వాత కూడా ‘మీ బాధలు మిసెస్ పింకామ్‌కి రాయండి’ అని ఏళ్ల తరబడి ప్రకటనలు వేశారు. 1905లో లేడీస్ హోమ్ జర్నల్ అనే అమెరికా పత్రిక ఆవిడ సమాధి ఫోటో అచ్చువేసింది. మిసెస్ పింకామ్ అంటే కోడలని కంపెనీ వాదన. ప్రకటనల్లో బొమ్మ మాత్రం అత్తగారిదే.