కాలిన గాయాలకు పథ్యం పెట్టాలా? అమ్మ చెయ్యి చాపట్లేదు, తెలిసినవాళ్లు జర చెప్పండి

హన్మకొండ_పోరడు:
అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి. మా అమ్మకు 52 ఏళ్లు, షుగర్ ఉంది. సంక్రాంతికి వాకిట్లో కట్టెల పొయ్యి మీద సకినాలు కాలుస్తుంటే కొంగు అంటుకుంది. పాలిస్టర్ చీర, ఒంటికి అతుక్కుపోయింది. కుడి చెయ్యి చంక దాకా, పొట్ట ముందు భాగం, కుడి తొడ మీద కొంత కాలింది. హన్మకొండలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం, మొత్తం 22 శాతం అన్నారు. ఇప్పుడు రెండో వారం, ప్రాణానికి భయం లేదంటున్నారు.

పొట్ట, తొడ మీద గులాబీ రంగు తిరిగి మానుతోంది. చంక దగ్గర, మోచేతి లోపలి వైపు మాత్రం తెల్లగా, గట్టిగా ఉంది, అక్కడ ముట్టుకున్నా అమ్మకు తెలియట్లేదు. రెండో తొడ నుంచి చర్మం తీసి అక్కడ వెయ్యాలని డాక్టర్ గారు అంటున్నారు. ఉన్న గాయాలు చాలవా, కొత్త గాయం ఎందుకు, మెల్లగా అదే మానుతుంది కదా అని మావాళ్లు పట్టుబడుతున్నారు.

దానికి తోడు పథ్యం గొడవ. గుడ్డు, మాంసం, పప్పు, వంకాయ ఏది పెట్టినా చీము పడుతుందని పెద్దమ్మ, మేనత్త ఒక్కటే మాట. అమ్మ చారన్నం, పాలన్నం తిని పడుకుంటోంది. చెయ్యి మడిచి ఒంటికి ఆనించుకునే ఉంటోంది, చాపమంటే ఏడుస్తోంది, మాకు చెయ్యి కాలు ఆడట్లేదు.

ఇంకో రెండు అనుమానాలు. మొదటి రోజు సెలైన్ బాటిళ్లు వరుసగా ఎక్కించారు, ముఖం బాగా ఉబ్బిపోయింది, అది ఎక్కువై అలా అయిందా? పోలీసులు కూడా వచ్చి అమ్మను అడిగి రాసుకుపోయారు, ఇంట్లో అందరికీ టెన్షన్. ఎందుకట్ల?

బర్న్స్‌వార్డు_సిస్టర్:
తమ్ముడూ, నేను వరంగల్‌లోనే కాలిన గాయాల వార్డులో చాలా ఏళ్లు చేశాను. చిన్నవి ముందు చెప్పి అసలు విషయానికి వస్తాను.

పోలీసుల గురించి పరేషాన్ కాకండి. పెద్ద కాలిన గాయం ఏదొచ్చినా ఆసుపత్రి వాళ్లు ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాసి పోలీసులకు కబురు పెడతారు. మీ ఇంటి మీద అనుమానంతో కాదు. అలా అడగడం మంచిదే, ఎందుకంటే బంధువుల ముందు "పొయ్యి దగ్గర కాలింది" అని, అందరూ బయటికి పోయాక వేరే మాట చెప్పిన ఆడవాళ్లను మేం చూశాం.

సెలైన్ గురించి. ఒళ్లు ఎక్కువగా కాలితే రక్తంలోని నీరు నాళాల గోడలు దాటి బయటికి ఊరిపోతుంది, మొదటి 24 గంటల్లో ఇది మరీ ఎక్కువ. ఆ నీరు తిరిగి పెట్టకపోతే బీపీ పడిపోయి కిడ్నీలు దెబ్బతింటాయి. చాలాచోట్ల వాడే పార్క్‌లాండ్ లెక్క ఇదీ: బరువు కిలోల్లో, కాలిన శాతం, 4 మిల్లీలీటర్లు, ఈ మూడూ గుణించాలి. అమ్మ 60 కిలోలు అనుకుంటే 60, 22, 4 కలిసి 5,280 మిల్లీలీటర్లు, అంటే అరలీటరు బాటిళ్లు పదికి పైనే. అందులో సగం మొదటి 8 గంటల్లో పోవాలి, ఆ 8 గంటలు కూడా కాలిన టైమ్ నుంచి, ఆసుపత్రిలో చేరిన టైమ్ నుంచి కాదు. మీరు వచ్చేసరికి రెండు గంటలు పోయి ఉంటే మిగిలిన ఆరింటిలోనే ఎక్కించాలి, అందుకే వరుసగా పెట్టి ఉంటారు. ఈమధ్య పెద్దవాళ్లకు 4 బదులు 2 తోనే మొదలుపెట్టి, మూత్రం చూసుకుంటూ పెంచే డాక్టర్లూ ఉన్నారు. ఏ లెక్కతో మొదలుపెట్టినా తర్వాత దారి చూపించేది మూత్రమే, పెద్దవాళ్లకు గంటకు కిలోకు అర మిల్లీలీటరు, అంటే అమ్మకు 30 చొప్పున రావాలి. మూత్రం గొట్టం పెట్టి గంట గంటకూ రాసుకునేది అందుకే. ముఖం ఉబ్బడం అప్పుడు మామూలే. రెండు మూడు రోజులకు ఆ నీరు మూత్రంలో పోయి వాపు దిగుతుంది, మీ అమ్మకు కూడా దిగే ఉంటుంది.

ఇక పథ్యం. ఇది మాత్రం ఈ రోజే మానేయండి, అడుక్కుంటున్నాను అనుకోండి. కాలిన ఒంటికి కొత్త చర్మం కట్టుకోవడానికి మాంసకృత్తులు కావాలి, తిండిలో అవి రాకపోతే ఒళ్లు తన కండనే కరిగించి వాడుకుంటుంది. చారన్నం మీద ఉన్న పేషెంట్ కళ్ల ముందే చిక్కిపోతుంది, గాయం అక్కడే ఆగిపోతుంది, తర్వాత ఇన్ఫెక్షన్ వస్తుంది. అప్పుడు బంధువులు "చూశావా, ఎవరో గుడ్డు పెట్టి ఉంటారు" అంటారు! చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల, వంకాయ వల్ల కాదు. ఇలాంటి గాయాలకు రోజుకు కిలోకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ పెడతాం, అమ్మకు 90 నుంచి 120 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములు, లెక్క మీరే వేసుకోండి. రోజుకు నాలుగు గుడ్లు, మధ్యాహ్నం చికెన్ గానీ చేప గానీ, రెండు పూటలా గట్టి పప్పు, అర లీటరు పాలు, పెరుగు, పల్లీలు అన్నీ కలిస్తేనే దగ్గరికి వస్తుంది. ఒకేసారి తినలేదు కాబట్టి రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టండి. షుగర్ ఉందని తిండి తగ్గించకండి. తిండి పెట్టి, ఇన్సులిన్‌తో షుగర్ అదుపులో ఉంచాలి, డ్యూటీ డాక్టర్‌ను అడిగితే డోసు సర్దుతారు. కిడ్నీ జబ్బు ఏదైనా ఉంటే మాత్రం ప్రొటీన్ ఎంతో వాళ్లనే అడగండి.

మేనత్త గారితో వాదించొద్దు. రౌండ్స్ టైమ్‌కు ఆమెను మంచం దగ్గరే ఉంచి "సార్, గుడ్డు పెట్టొచ్చా" అని ఆమె ముందే అడగండి. మా వార్డులో చాలాసార్లు ఈ ఉపాయమే పనిచేసింది.

గ్రాఫ్ట్, అంటే తొడ నుంచి చర్మం తీసి వేసే ఆ ఆపరేషన్ వద్దనకండి. గులాబీ రంగులో ఉండి, తడిగా ఉండి, నొక్కితే తెల్లబడి మళ్లీ రంగొచ్చేది పైపొరల గాయం, అది తనంతట తానే మానుతుంది. నొప్పి తెలియకుండా తెల్లగా బిగుసుకున్నచోట చర్మం పూర్తి లోతు కాలిపోయింది, కొత్త చర్మం మొలిచే వేర్లే అక్కడ లేవు. దాన్ని వదిలేస్తే చుట్టూ ఉన్న చర్మం లోపలికి లాక్కుంటూ నెలల తరబడి మూసుకుంటుంది, చంకలో అలా మూసుకుంటే చెయ్యి పైకి లేవదు. మూడు వారాల్లో మానని గాయం మచ్చ గట్టిపడి పైకి ఉబ్బడం కూడా ఎక్కువ. తొడ మీద తీసేది పల్చటి పై పొర, అది సాధారణంగా రెండు వారాల్లో మానుతుంది. నిజం చెప్పాలంటే మొదటి నాలుగైదు రోజులు చర్మం వేసినచోటు కంటే తీసినచోటే ఎక్కువ మండుతుంది, అమ్మకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఏదో తేడా చేసిందని భయపడుతుంది.

మానుకోట_అన్న:
సిస్టర్ గారూ, ఒక మాట. మా ఊరి దగ్గర కాలిన గాయాలకు ఆకు పసరు పూసే పెద్దమనిషి ఉన్నాడు, మా బాబాయికి కాలు మీద వేడినీళ్లు పడితే పది రోజుల్లో మచ్చ లేకుండా పోయింది. ఆపరేషన్ కంటే ముందు ఒకసారి చూపిస్తే తప్పేముంది?

బర్న్స్‌వార్డు_సిస్టర్:
అన్నా, మీ బాబాయికి తగ్గింది, సంతోషం. వేడినీళ్ల పైపొర గాయం శుభ్రంగా ఉంచితే ఏ మందూ లేకపోయినా రెండు వారాల్లోపే మానుతుంది, పసరు పూసినా పూయకపోయినా. ఈమెది లోతు గాయం, పైగా షుగర్. పచ్చి ఆకుల్లో మట్టిలోని సూక్ష్మక్రిములు ఉంటాయి, తెరిచి ఉన్న గాయం మీద అది పెడితే అవి రక్తంలోకి పోతాయి. కాలిన వారం తర్వాత పోయే ప్రాణాల్లో ఎక్కువ ఇన్ఫెక్షన్ వల్లే పోతాయి. దయచేసి ఈ తమ్ముడికి ఆ సలహా ఇవ్వకండి.

ఫిజియో_కరీంనగర్:
సిస్టర్ గారు తిండి గురించి చెప్పారు కాబట్టి నేను చెయ్యి సంగతే చెప్తాను, నాకు భయం వేసింది కూడా ఆ ఒక్క వాక్యం చదివాకే. మడుచుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది, అందుకే పేషెంట్ మడుచుకుంటుంది. కానీ మానే చర్మం కురచ అవుతూ పోతుంది, హాయిగా ఉన్న ఆ భంగిమలోనే బిగుసుకుపోతుంది. తర్వాత దువ్వెన తలదాకా పోదు, జాకెట్ చెయ్యి దూరదు, మళ్లీ ఆపరేషన్.

పడుకున్నప్పుడు చెయ్యి ఒంటికి దూరంగా, భుజం ఎత్తులో పక్కకు చాపి, కింద రెండు దిండ్లు పెట్టండి. మోచెయ్యి నిటారుగా, అరచెయ్యి పైకి. పొట్ట, తొడ కాలింది కాబట్టి మోకాలి కింద దిండు పెట్టొద్దు, ముడుచుకుని పడుకోనివ్వొద్దు. రాత్రికి స్ప్లింట్, అంటే చెయ్యి మడవకుండా చాపి ఉంచే పట్టీ కావాలని మీరే అడగండి, అడిగితే గానీ గుర్తుపెట్టుకోని చోట్లు ఉన్నాయి. నొప్పి మాత్ర వేసిన అరగంటకు వ్యాయామం పెట్టుకోండి, డ్రెస్సింగ్‌కు కూడా అదే పద్ధతి, మందు ముందు పడితే పేషెంట్ సగం సహకరిస్తుంది. కట్టు గాయానికి అతుక్కుంటే సెలైన్‌తో బాగా నాననిచ్చి తీయమనండి, పొడిగా లాగితే కొత్తగా వచ్చిన చర్మమంతా ఊడి వస్తుంది.

అమ్మను "చెయ్యి లేపు" అని గదమాయించొద్దు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి, ఈ రోజు వేళ్లు ఎక్కడిదాకా పోతే అక్కడ. రేపు దానికి ఒక వేలు పైన. ఇక గ్రాఫ్ట్ వేశాక మాత్రం నాలుగైదు రోజులు ఆ చెయ్యి అసలు కదపొద్దు, వేసిన చర్మానికి కింద నుంచి రక్తం అందేది ఆ రోజుల్లోనే. సర్జన్ సరే అన్నాకే మళ్లీ మొదలు.

జనగామ_అక్క:
తమ్ముడూ, నాకు మెడ, ఛాతీ కాలి ఆరేళ్లు దాటింది. ఇంటికి వచ్చాక సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తున్నా. దురద! నొప్పి కంటే దురదకే నేను ఎక్కువ ఏడ్చాను, రాత్రిళ్లు గోకి గోకి మానిన చర్మం మళ్లీ పుండు చేసుకునేదాన్ని. గోళ్లు కత్తిరించి ఉంచండి, కొత్త చర్మానికి నూనె గ్రంథులు ఉండవు కాబట్టి రోజుకు నాలుగైదు సార్లు కొబ్బరి నూనె గానీ వాసన లేని క్రీమ్ గానీ మెత్తగా రాయండి, దురద మాత్రలు డాక్టర్ రాస్తారు. బిగుతు తొడుగు ఇస్తారు, ప్రెషర్ గార్మెంట్ అంటారు, రోజుకు 23 గంటలు వేసుకోవాలి, స్నానానికే తీయాలి, ఏడాది దాకా కూడా పట్టొచ్చు. మన వరంగల్ ఎండల్లో మేలో అది నరకమే, కానీ వేసుకున్నచోట నా మచ్చ చదునుగా ఉంది, విసుగొచ్చి వదిలేసినచోట తాడులా లేచింది. రెండు జతలు కుట్టించుకోండి, ఒకటి ఉతికితే ఒకటి. ఎండలో తిప్పొద్దు, నల్లబడుతుంది.

ఇంకోటి, ఇంట్లో అద్దాలు దాచిపెట్టకండి. నా కోసం దాచారు, అందుకే నా ముఖానికి కూడా ఏదో అయిందేమోనని నేను ఇంకా భయపడ్డాను.

హన్మకొండ_పోరడు:
అందరికీ చాలా థ్యాంక్స్. సిస్టర్ చెప్పినట్టే పొద్దున రౌండ్స్‌లో మేనత్త ముందే అడిగాను, డాక్టర్ గారు "గుడ్లు పెట్టకపోతే ఆపరేషన్ చెయ్యను" అనేశారు. మధ్యాహ్నం మేనత్తే రెండు ఉడకబెట్టి తెచ్చింది. గ్రాఫ్ట్‌కు ఒప్పుకున్నాం. ఖర్చు సంగతి ఎట్ల? డిస్చార్జ్ అయ్యాక ఏం కనబడితే వెంటనే రావాలి?

బర్న్స్‌వార్డు_సిస్టర్:
మేనత్త గారికి నా నమస్కారం చెప్పండి. ఆరోగ్యశ్రీలో కాలిన గాయాల వైద్యం ఉంది, 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పరిమితి. మీ ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో, అమ్మ గాయం ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడగండి, తర్వాత అడిగితే కాగితాలు ఇబ్బంది.

జ్వరం, వణుకు, గాయం నుంచి పచ్చటి రసి గానీ చెడు వాసన గానీ, గాయం చుట్టూ ఎర్రదనం పాకడం, మానినచోట మళ్లీ పగలడం, మనిషి మత్తుగా పొంతన లేకుండా మాట్లాడటం, షుగర్ ఉన్నట్టుండి పెరగడం, వీటిలో ఏదున్నా ఫోన్ చేసి అడుగుతూ కూర్చోకండి, తీసుకొచ్చేయండి. చివరిది చాలామంది పట్టించుకోరు. తిండి మారకుండా షుగర్ పెరిగిందంటే చాలాసార్లు లోపల ఇన్ఫెక్షన్ మొదలైనట్టే.

ఈ పోస్టు చదివేవాళ్లకు కూడా ఒక మాట. కాలగానే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టండి, మూడు గంటల్లోపు ఎప్పుడు పెట్టినా ఉపయోగమే. ఐస్ వద్దు, టూత్‌పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయొద్దు, అవి కడిగి తీసేటప్పుడు పేషెంట్ పడే బాధ రోజూ చూసేవాళ్లం. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసేయండి. ఒంటికి అతుక్కున్న బట్టను లాగకండి, చుట్టూ కత్తిరించండి. నీళ్లు పోశాక శుభ్రమైన దుప్పటి కప్పి 108కి ఫోన్ చేయండి. తలుపులు మూసిన గదిలో మంట అయితే, గొంతు బొంగురుపోయినా, ముక్కు వెంట్రుకలు కాలినా, ఉమ్మిలో మసి కనబడినా, ఒంటి మీద గాయం చిన్నదే అయినా సరే ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోండి, లోపల గొంతు వాచి గంటల్లోనే ఊపిరి ఆడకుండా పోవచ్చు.