కరెంటు పోయి వస్తే చాలు, ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’

ప్రశ్న:
రాజమండ్రిలో ఒక ఆడిటర్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఆరు సిస్టమ్స్, అన్నిటికీ కలిపి ఒకటే లేజర్ ప్రింటర్. దాన్ని కేబుల్‌తో రూటర్‌కి కలిపారు. కరెంటు పోయి వచ్చిందంటే ప్రింటర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటుంది. తీసేసి మళ్ళీ యాడ్ చేస్తే పనిచేస్తుంది. అలా చేసీ చేసీ నా సిస్టమ్‌లో అదే ప్రింటర్ ‘కాపీ 1’ నుంచి ‘కాపీ 4’ దాకా తయారైంది. ఏది బతికుందో ఊహించి నొక్కుతున్నాను. సర్వీసు అబ్బాయి వచ్చి ‘ఐపీ మారిందండీ, స్టాటిక్ పెట్టాలి’ అన్నాడు, అంటే నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా నంబర్ మారకుండా ఫిక్స్ చేయాలట. రూటర్ పాస్‌వర్డ్ మాకెవరికీ తెలియదని పెట్టకుండానే ఐదు వందలు తీసుకుని వెళ్ళిపోయాడు. కంప్యూటర్‌లో ప్రింటర్‌కి ఉన్న నంబర్ 192.168.1.4కి పింగ్ చేస్తే (అంటే ‘ఉన్నావా’ అని సిగ్నల్ పంపితే) రిప్లై వస్తోంది. మరి ప్రింట్ ఎందుకు రాదు? 20వ తేదీ దగ్గర పడుతోంది, జీఎస్టీ రిటర్నుల టెన్షన్.

జవాబు 1:
స్పూలర్ (ప్రింట్లని క్యూలో పెట్టి ప్రింటర్‌కి పంపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న అడిగినవారు:
రెండుసార్లు చేశానండీ. క్యూలో ఉన్నవి కూడా పోయాయి, అంతే.

జవాబు 2:
హనుమకొండలో ఆఫీసుల మెయింటెనెన్స్ చూస్తానండీ. ముందు ఒక పని చేయండి. ప్రింటర్ స్విచ్ ఆపేసి అదే నంబర్‌కి పింగ్ కొట్టండి. అప్పుడూ రిప్లై వస్తే పలికేది మీ ప్రింటర్ కాదు, ఇంకెవరో.

రూటర్‌లో డీహెచ్‌సీపీ అని ఒకటుంటుంది. లాడ్జి కౌంటర్‌లో గుమాస్తా లాంటిది. వచ్చినవాళ్ళకి ఖాళీగా ఉన్న గది ఇస్తుంది, అదీ కొంత గడువుకే. ఆ గది నంబరే ఐపీ. కరెంటు పోయి వస్తే చాలా రూటర్లు పాత రిజిస్టరు మర్చిపోతాయి. ఫోన్లకి బ్యాటరీ ఉంటుంది కాబట్టి రూటర్ లేవగానే అవి ముందు దూరతాయి. ప్రింటర్ వచ్చేసరికి దాని పాత గదిలో ఇంకొకరుంటారు. మీ కంప్యూటరేమో ఆ పాత తలుపే కొడుతోంది.

ప్రింటర్ మెనూలోంచి కాన్ఫిగరేషన్ పేజీ ఒకటి తీయండి. అందులో ఇప్పటి ఐపీ ఉంటుంది. 169.254తో మొదలైతే మాత్రం రూటర్ దానికి గదే ఇవ్వలేదని లెక్క, కేబుల్ చూసుకోండి. తర్వాత కంప్యూటర్లో ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ ట్యాబ్ తెరిచి రెండు నంబర్లూ పోల్చండి. ఈ పోర్ట్ అన్న మాటతో అందరూ తికమక పడతారు. కేబుల్ గుచ్చే కన్నమూ పోర్టే, ఆ ట్యాబ్‌లో రాసుకున్న చిరునామా కూడా పోర్టే, ప్రింట్ డేటా వెళ్ళే 9100 అనే నంబరూ పోర్టే. మీరు మార్చాల్సింది రెండోది.

ఇక శాశ్వతంగా కావాలంటే ప్రింటర్ మెనూలో ఐపీ మాన్యువల్‌గా 192.168.1.200, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే మీ రూటర్ నంబర్ పెట్టేయండి.

జవాబు 3:
ఆ 200 రూటర్ పంచే నంబర్లలోనే ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది. ముందు ఆ రేంజి చూసుకోండి. నేనైతే ప్రింటర్లో అసలు పెట్టను. రూటర్లోనే దాని మ్యాక్ అడ్రస్‌కి నంబర్ రిజర్వ్ చేస్తాను. మ్యాక్ అంటే కంపెనీలోనే వేసి పంపే 12 అక్షరాల నంబర్, కాన్ఫిగరేషన్ పేజీలోనే ఉంటుంది. ఇంటర్నెట్ వాళ్ళు రేపు రూటర్ మార్చి 192.168.0 సిరీస్ పెట్టారనుకోండి, స్టాటిక్ పెట్టిన ప్రింటర్ ఎవరికీ దొరకదు.

ప్రశ్న అడిగినవారు:
ప్రింటర్ ఆపినా రిప్లై వచ్చిందండీ! రూటర్ లిస్టులో చూస్తే .4 మా సార్ ఫోన్. ఇన్నాళ్ళూ ఆయన ఫోన్‌కి ఇన్‌వాయిస్‌లు పంపుతున్నానన్నమాట. పాస్‌వర్డ్ రూటర్ అడుగున స్టిక్కర్ మీదే ఉంది. .50 రిజర్వ్ చేసి ఆరు సిస్టమ్స్‌లోనూ మార్చాను, మధ్యాహ్నం మెయిన్ ఆపి వేసినా ప్రింట్ వచ్చింది. ‘కాపీ 2’ ఒక్కటే ఎంతకీ డిలీట్ కాలేదు. మొదట చెప్పినాయన మాట విని స్పూలర్ రీస్టార్ట్ చేస్తే అదీ పోయింది.