తర్వాతి విండోస్‌లో ఏం రాబోతోంది? మన మెషీన్లు నిలుస్తాయా?

పాతమౌస్:
విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు అయిపోయింది. డబ్బు కట్టో, సెట్టింగులు బ్యాకప్ చేసో మనబోటి వాళ్ళు 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే విండోస్‌ని 12 అంటారో ఇంకేమంటారో గానీ, ఎక్కడ చూసినా దాని ఐకాన్ల గురించే ముచ్చట్లు. నా టెన్షన్ వేరు. 11 వచ్చింది 2021 అక్టోబరులో. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచే చెల్లుతుందన్నారు. ఎనిమిదో తరం మార్కెట్లోకి వచ్చింది 2017లో. అంటే ఐదేళ్ళు కూడా నిండని మెషీన్లు ఒక్క ప్రకటనతో పనికిరానివైపోయాయి. అడ్డదారిలో 11 వేసుకున్నవాళ్ళలో మరీ పాత ప్రాసెసర్ల వాళ్ళకి 24హెచ్2 (11కి 2024లో వచ్చిన పెద్ద అప్‌డేట్) వచ్చాక ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఇప్పుడు కోపైలట్ ప్లస్ పీసీ అని కొత్త ముద్ర వేస్తున్నారు. దానికి 16 జీబీ ర్యామ్, సెకనుకి 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ (ఏఐ పనుల కోసం ఉండే ప్రాసెసర్) ఉండాలి. ఇవాళ అది ముద్ర మాత్రమే. తర్వాతి విండోస్‌కి అదే కనీస అర్హత అవుతుందని నా అనుమానం. కాదనేవాళ్ళు కారణం చెప్పండి.

కొత్తమెంబర్:
నేను ఈమధ్యే ల్యాప్‌టాప్ కొందామనుకుంటున్నా. ఎన్‌పీయూ ఉన్నదే తీసుకోమంటారా?

సర్వర్‌గది:
పాతమౌస్ గారూ, కారణం నేను చెప్తాను. 11 విడుదలైనప్పుడు అడిగింది 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 (తాళాల్లాంటి రహస్యాలు దాచే భద్రతా చిప్పు), సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే మెషీన్ మొదలయ్యేలా చూసే ఏర్పాటు). ఇందులో చివరి రెండూ భద్రత కోసం. ఎన్‌పీయూ ఉన్నది కొన్ని ఫీచర్ల కోసం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి. ఆఫీసులు వేలల్లో మెషీన్లు కొని ఏళ్ళ తరబడి వాడతాయి. ఎన్‌పీయూ లేకపోతే విండోసే ఎక్కదంటే ఆ ఆఫీసులు ఉన్న వెర్షన్‌లోనే ఆగిపోతాయి. మైక్రోసాఫ్ట్ అంత తొందరపడుతుందని నేననుకోను.

నేను ఎదురుచూస్తున్నది తెర మీద కనిపించనిది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. కారణం, ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ కెర్నెల్‌లో, అంటే విండోస్‌కి గుండెకాయ లాంటి భాగంలో నడుస్తుంది. కెర్నెల్‌లో ఒక ముక్క తప్పితే మొత్తం సిస్టమ్ కూలుతుంది. ఆ రోజు అనేక చోట్ల ఒక్కో మెషీన్ దగ్గరికీ మనిషి వెళ్ళి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు చేత్తో తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే యాంటీవైరస్‌లను కెర్నెల్ బయట నడిపే ఏర్పాటు మీద మైక్రోసాఫ్ట్ పని మొదలుపెట్టింది. తర్వాతి విండోస్‌లో అది పూర్తయితే నాకు అంతకన్నా పెద్ద వార్త లేదు.

ఎడమచేతివాటం:
చిప్పుల సంగతి మీరు తేల్చుకోండి. టాస్క్‌బార్‌ని తెర పక్కకి పెట్టుకోనిస్తారా లేదా, నాకది కావాలి. 10 దాకా నాలుగు అంచుల్లో ఎక్కడైనా ఉండేది. 11 కోసం దాన్ని మళ్ళీ కొత్తగా రాసి, కింద తప్ప ఎక్కడికీ కదలకుండా విడుదల చేశారు. ఇప్పటి తెరలన్నీ వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. పొడుగాటి పత్రాలు రోజంతా చదివేవాళ్ళకి, కింద టాస్క్‌బార్ తినేసే ఆ కాస్త జాగా ఎంత అవసరమో కూర్చుని చూస్తే తెలుస్తుంది.

పెంగ్విన్:
లినక్స్ వేసుకోండి. అన్నీ తీరిపోతాయి.

పాతమౌస్:
పెంగ్విన్ గారూ, నేను వాడే అకౌంటింగ్ ప్రోగ్రామ్ లినక్స్‌లో నడవదు. అది నడిచేట్టయితే ఈ చర్చే పెట్టను.

సర్వర్‌గది గారూ, తొందరపడదంటున్నారు. 2015లో ఒక మైక్రోసాఫ్ట్ ఉద్యోగి వాళ్ళ సభలోనే విండోస్ 10 ఆఖరి వెర్షన్ అన్నారు. కంపెనీ ఆ మాటను గట్టిగా ఖండించనూ లేదు. ఆరేళ్ళకి 11 వచ్చింది. నా స్కానర్ కథ కూడా వినండి. అది చేసిన కంపెనీ 64 బిట్ డ్రైవర్ (స్కానర్‌ని విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రామ్) ఇవ్వనే లేదు. విండోస్ 11లో 32 బిట్ ఎడిషన్ లేదు, కాబట్టి దాని పాత డ్రైవర్ పనిచేయదు. గాజు పలక మీద గీత కూడా పడని స్కానర్ అది. ఇప్పుడు పక్కన పెట్టేశాను.

సర్వర్‌గది:
డ్రైవర్ రాయాల్సింది స్కానర్ కంపెనీ. దానికి విండోస్‌ని తిడితే ఎలా? మద్దతు ఎక్కడో ఒకచోట ఆపక తప్పదు. ఆపిల్ కూడా ఇంటెల్ మ్యాక్‌లకి మ్యాక్ఓఎస్ 26 టాహోనే ఆఖరిదని 2025 జూన్‌లో చెప్పేసింది.

ఎడమచేతివాటం:
టాస్క్‌బార్ గురించి ఎవరూ మాట్లాడరేం? 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేసింది. జనం గట్టిగా అడిగితే 2013లో 8.1తో బటన్ తిరిగొచ్చింది, 10తో మెనూ కూడా వచ్చింది. అడగకపోతే వచ్చేది కాదు.

లలిత_వి:
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది. నా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు పోతే సర్వీస్ సెంటర్‌లో మార్చారు. తెచ్చి ఆన్ చేస్తే నీలం తెర మీద రికవరీ కీ అడిగింది. 48 అంకెలు. అసలు డిస్కు లాక్ అయి ఉందని నాకు అప్పుడే తెలిసింది! కొన్నప్పుడు సెటప్ చేసిన అబ్బాయి ఏదో మెయిల్ ఐడీతో అకౌంట్ తెరిచాడు. కీ ఆ అకౌంట్లో ఉంటుందట. ఆ ఐడీ ఏమిటో నాకు తెలియదు, అతనికి గుర్తులేదు. అమ్మ ఫోటోలు దాంట్లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. తర్వాతి విండోస్‌లో ఏం కావాలని అడిగితే నాకు ఇదొక్కటే కావాలి. నా డిస్కుకి తాళం వేసే ముందు నాకు చెప్పాలి.

సర్వర్‌గది:
బాధాకరమే. కానీ జరిగింది అర్థం చేసుకోండి. తాళం తెరిచే సమాచారం టీపీఎంలో ఉంటుంది. టీపీఎం పాత బోర్డుతో పోయింది. బోర్డు మార్చేముందు కీ ఉందా అని అడగాల్సింది సర్వీస్ సెంటర్ వాళ్ళు. ఆ తాళం, అదే ఎన్‌క్రిప్షన్, తన పని తను సరిగ్గానే చేసింది. బ్యాకప్ ఒక్కటుంటే ఈ సమస్యే వచ్చేది కాదు.

లలిత_వి:
సరిగ్గా పనిచేసిందా? ఎవరి నుంచి కాపాడింది? నా నుంచా? బ్యాకప్ ఉండాల్సిందని ఇప్పుడు మీరు చెప్పక్కర్లేదండీ.

పాతమౌస్:
సర్వర్‌గది గారూ, ఆవిడ పోగొట్టుకున్నది అమ్మ ఫోటోలు. మీరు పాఠం చెబుతున్నారు. మీలాంటివాళ్ళు తయారుచేస్తారు కాబట్టే ఇవి ఇలా తయారవుతాయి.

సర్వర్‌గది:
నేనేమీ తయారుచెయ్యను, చెడిపోతే బాగుచేస్తాను. మీరు మీ ఒక్క కంప్యూటర్ చూసుకుని మాట్లాడుతున్నారు. నేను వందల మందివి చూస్తాను. తేడా అదే.

నిర్వాహకుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. విషయం మీద మాట్లాడండి. లేకపోతే ఈ చర్చ మూసేస్తాను.

సర్వర్‌గది:
లలిత గారూ, నా మాట కటువుగా వినిపించి ఉంటుంది, కానీ నేనెందుకు పట్టుబడుతున్నానో చెప్తాను. ఇంతకుముందు పనిచేసిన చోట ఒకరి ల్యాప్‌టాప్ దొంగతనం జరిగింది. డిస్కుకి ఎన్‌క్రిప్షన్ పెట్టమని సెటప్‌లో అడిగితే ఆయన వద్దని నొక్కేశారు. అందులో సిబ్బంది జీతాల షీట్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఉన్నాయి. ఆ వారమంతా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మీ వివరాలు బయటికి పోయాయని చెప్పింది నేను. అడిగితే జనం వద్దనే అంటారు. అందుకే అడగకుండా ఆన్ చెయ్యడమే సరైంది.

పాతమౌస్:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ప్రాసెసర్ తరం, టాస్క్‌బార్, అకౌంటు, ఎన్‌క్రిప్షన్, వీటన్నిట్లో నా గొడవ ఒకటే. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని అడగాలా, అక్కర్లేదా? మీరు అక్కర్లేదంటున్నారు.

రీకాల్ సంగతి గుర్తు చేసుకోండి. తెర మీద కనిపించేదాన్ని ఎప్పటికప్పుడు బొమ్మ తీసి దాచే ఫీచర్. 2024 మేలో ప్రకటించారు. దాచిన డేటాను అదే మెషీన్‌లోని వేరే ప్రోగ్రామ్ చదివేయగలదని భద్రతా పరిశోధకులు చూపించారు. గొడవయ్యాక జూన్‌లో వెనక్కి తగ్గారు. మనం ఒప్పుకుంటేనే ఆన్ అయ్యేలా, డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యేలా, విండోస్ హలోతో (ముఖం, వేలిముద్ర లేదా పిన్) మనమేనని చూపిస్తేనే తెరుచుకునేలా మార్చి 2025 ఏప్రిల్‌లో ఇచ్చారు. అడగడం మొదలుపెట్టాకే అది నమ్మదగ్గదైంది.

సర్వర్‌గది:
రీకాల్‌లో అడగాల్సిందే, ఒప్పుకుంటున్నా. అది కొత్తగా ప్రమాదం తెచ్చే ఫీచర్. ఎన్‌క్రిప్షన్ ఉన్న ప్రమాదాన్ని తగ్గించేది. రెంటికీ ఒకే నియమం కుదరదు.

లలిత_వి:
తగ్గిస్తుందో పెంచుతుందో నా విషయంలో మీరెలా తేల్చారు? నా ల్యాప్‌టాప్‌లో జీతాల షీట్లు లేవు. ఎవరో ఎత్తుకెళ్తారన్న భయం కన్నా ఉన్న ఫోటోలు పోతాయన్న భయమే నాకు ఎక్కువ.

సర్వర్‌గది:
సరే, ఇలా చేస్తే? సెటప్‌లో ఒక పూర్తి పేజీ. డిస్కుకి తాళం పడుతుంది, కీ ఫలానా మెయిల్ ఐడీ కింద ఉంటుంది, ఇప్పుడే ప్రింట్ తీసుకోండి లేదా రాసుకోండి అని మామూలు మాటల్లో. కీ మీ చేతికి వచ్చిందని తేలాకే ముందుకు వెళ్ళనివ్వాలి. తర్వాతి విండోస్‌లో నేను కోరేది ఇది.

లలిత_వి:
అలా ఉండి ఉంటే నా ఫోటోలు ఉండేవి.

పాతమౌస్:
ఆ పేజీలో 'వద్దు' అనే బటన్ ఉంటుందా?

సర్వర్‌గది:
ఉండదు. ఉండకూడదు.

పాతమౌస్:
అయితే మనకి కుదరదు.

కొత్తమెంబర్:
నా ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు.

సర్వర్‌గది:
ఎన్‌పీయూ కోసమని ఎక్కువ పెట్టకండి. 16 జీబీ ర్యామ్ మాత్రం తగ్గించకండి. కొన్నాక సెటప్ మీ మెయిల్ ఐడీతో మీరే చేసుకోండి, రికవరీ కీ అదే రోజు కాగితం మీద రాసి పెట్టుకోండి.