అప్పుడప్పుడు ఇంటికి చేసే ఫోన్ కోసం ఏ నెట్ కాలింగ్ తీసుకోవాలి?

నమస్కారం అండీ. జర్మనీకి వచ్చి రెండు నెలలైందనీ, ఉద్యోగరీత్యా తరచుగా వియన్నా, జ్యూరిచ్ వెళ్ళవలసి వస్తున్నదనీ, నరసరావుపేటలో ఉన్న మీ అమ్మగారి దగ్గర బటన్ ఫోన్ మాత్రమే ఉన్నదనీ, బ్యాంకుకూ ఆసుపత్రికీ కూడా అప్పుడప్పుడు ఫోన్ చేయవలసి ఉంటుందనీ రాశారు. పదకొండేళ్ళుగా నాదీ ఇదే పరిస్థితి కాబట్టి కాస్త వివరంగా జవాబిస్తున్నాను.

వాట్సాప్ ఉన్నవారితో వాట్సాప్‌లోనే మాట్లాడండి, దానికి వేరే ఏదీ కొననక్కరలేదు. మీకు కావలసింది మన వైపు నెట్ ద్వారా బయలుదేరి, అవతల మామూలు ఫోన్‌లో మోగే కాల్. ఒకప్పుడు ఈ పనికి చాలామంది స్కైప్‌లో పది యూరోలు వేసి ఉంచేవారు. స్కైప్ 2025 మే 5న మూతపడింది కాబట్టి, దానిని సూచించే పాత సలహాలు మీ కంటబడితే పక్కన పెట్టండి. ఇప్పుడు వైబర్ అవుట్, రెబ్‌టెల్, యోల్లా వంటి యాప్‌లు ఉన్నాయి. ఇవి కాక, ఏదైనా సంస్థలో ప్రీపెయిడ్ సిప్ ఖాతా (నెట్ ద్వారా ఫోన్ చేసుకునేందుకు ముందుగా డబ్బు వేసి ఉంచే ఖాతా) తెరిచి లిన్‌ఫోన్ వంటి యాప్‌లో పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. రెండవది చవకగా దొరుకుతుంది కానీ, కొన్ని హోటళ్ళ వైఫైలో సిప్ కాల్ కలవదు, కలిసినా ఒకవైపు మాటే వినిపిస్తుంది. ప్రయాణాల్లో ఉండే మీకు మొదట యాప్ పద్ధతే మంచిదని నా అభిప్రాయం.

అందరూ ముందుగా నిమిషానికి ఎంత అని చూస్తారు. తరచుగా మాట్లాడేవారికి అది సరైన లెక్కే. నెలకు నాలుగు కాల్స్ చేసే మనం చూడవలసింది రెండు కాల్స్ నడుమ మన బ్యాలెన్స్ ఏమవుతుందన్నది. ఉదాహరణకు నిమిషానికి 2 సెంట్ల చొప్పున నెలకు 40 నిమిషాలు మాట్లాడితే 80 సెంట్లు, ఏడాదికి 9 యూరోల 60 సెంట్లు అవుతుంది. ధర రెట్టింపైనా 20 యూరోలు దాటదు. నెలకు 5 యూరోల ప్యాక్ తీసుకుంటే ఏడాదికి 60 యూరోలు పోతాయి. కాబట్టి నెలవారీ ప్యాక్ జోలికి వెళ్ళవద్దు. అయితే వాడినంతకే చెల్లింపు అని చెప్పే చోట కూడా మూడు విషయాలు చదవాలి. ఎన్ని నెలలు వాడకపోతే క్రెడిట్ చెల్లకుండా పోతుందో, కాల్ కలిసిన వెంటనే విడిగా కనెక్షన్ రుసుము పడుతుందో లేదో, లెక్క సెకన్లలోనా నిమిషాల్లోనా అన్నది చూడండి. నిమిషాల లెక్క అయితే ఒక నిమిషం ఐదు సెకన్ల కాల్‌కు రెండు నిమిషాల డబ్బు పోతుంది. ఆసుపత్రి వారు లైన్‌లో ఉండమని పెట్టేసి, మళ్ళీ మళ్ళీ చేయవలసి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఈ గడువు సంగతి నేను ఇబ్బంది పడి తెలుసుకున్నాను. ఒక సంస్థలో 25 యూరోలు వేసి, అవసరం రాలేదు కదా అని ఏడాదికి పైగా ముట్టుకోలేదు. నేను బెర్న్‌లో హోటల్‌లో ఉండగా, నాన్నగారిని గుంటూరులో ఆసుపత్రిలో చేర్చారని రాత్రి కబురు వచ్చింది. యాప్ తెరిస్తే బ్యాలెన్స్ సున్నా చూపించింది. మళ్ళీ డబ్బు వేద్దామంటే, కార్డు చెల్లింపును ధ్రువీకరించే సందేశం నా జర్మన్ సిమ్‌కు వస్తుంది. స్విట్జర్లాండ్‌కని కొన్న సిమ్ ఫోన్‌లో ఉంది, జర్మన్ సిమ్ పర్సులో కాగితం మడతలో ఉంది. సిమ్ ట్రే తెరిచే పిన్ను కనబడక, చెవి దిద్దు తీసి దాని కాడతో ట్రే తెరిచాను. అంతా అయ్యి నాన్నగారి వార్డుకు ఫోన్ కలిసేసరికి నలభై నిమిషాలు పట్టింది. మీకు అలా జరగకూడదు. ప్రయాణానికి ముందురోజు ఇంటి నుంచే ఒక నిమిషం కాల్ చేసి, బ్యాలెన్స్ నిలిచి ఉందో లేదో చూసుకోండి. చాలా చోట్ల ఆ ఒక్క కాల్‌తోనే గడువు కూడా మళ్ళీ మొదలవుతుంది.

జర్మన్ సిమ్ ఉంది కదా, రోమింగ్‌లో చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఐరోపా సమాఖ్య దేశాల మధ్య రోమింగ్ అదనపు రుసుములు 2017 జూన్ 15 నుంచి పోయిన మాట నిజమే కాబట్టి వియన్నాలో మీ డేటా వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్ ఆ సమాఖ్యలో లేదు, మీ ప్లాన్‌లో ఉందో లేదో విడిగా చూసుకోండి. ఎక్కడ ఉన్నా, సిమ్ నుంచి నేరుగా ఇండియాకు చేస్తే ధర వేరు, అది ఈ నియమం కిందికి రాదు. డేటా మాత్రమే ఇచ్చే ఈసిమ్ (ట్రేలో పెట్టనక్కరలేకుండా ఫోన్‌లోనే దించుకునే సిమ్) కొన్నా నెట్ కాలింగ్‌కు సరిపోతుంది. కుదించని స్వరమైనా రెండు వైపులా కలిపి నిమిషానికి సుమారు 1.3 ఎంబీ మించి ఖర్చు కాదు.

ఇక కాల్ ఎత్తడం సంగతి. నేను మొదట వాడిన యాప్ నుంచి చేస్తే అమ్మ ఫోన్‌లో ప్రతిసారీ ఒక కొత్త విదేశీ నంబరు కనబడేది. సైబర్ మోసాల గురించి కాలర్ ట్యూన్‌లో రోజూ విని ఉన్న ఆవిడ, ఆ నంబర్లు చూసి భయపడి కట్ చేసేది. ఆవిడ చేసింది తప్పు కాదు. మీ జర్మన్ నంబరును ధ్రువీకరించి అదే అవతల కనబడేలా చేసే యాప్‌నే ఎంచుకోండి. తరువాత ఎదురింటి పిల్లలెవరితోనైనా ఆ నంబరును అమ్మగారి ఫోన్‌లో వేయించి, దానికి వేరే రింగ్‌టోన్ పెట్టించండి. మా అమ్మ తెరమీది ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు, ఆ రింగ్ వినగానే పొయ్యి తగ్గించి వచ్చి ఎత్తుతుంది. మీ పాత ఇండియా నంబరు కనబడేలా చేస్తామని ఏ సేవ అయినా చెబితే నమ్మవద్దు. విదేశాల నుంచి ఇండియా నంబరు వేషంలో వచ్చే కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను భారత ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రారంభించింది. మీ కాల్ అమ్మగారి దాకా చేరకుండానే ఆగిపోవచ్చు.

నంబరు వేసేటప్పుడు 91 తరువాత సున్నా పెట్టకూడదు. గుంటూరు ల్యాండ్‌లైన్ అయితే +91 863, హైదరాబాద్ అయితే +91 40 తో మొదలవుతుంది. బ్యాంకుల 1800 నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు, విదేశాల్లోని ఖాతాదారుల కోసం ఇచ్చిన మామూలు నంబరును ఇప్పుడే వెతికి రాసిపెట్టుకోండి. తెలుగు కోసం ఒకటి నొక్కండి అన్నప్పుడు యాప్‌లో నొక్కిన అంకె అవతలికి చేరుతుందో లేదో కూడా ఒకసారి పరీక్షించండి, చేరకపోతే ఆ యాప్ బ్యాంకు పనికి పనికిరాదు. ఓటీపీల కోసం ఇండియా సిమ్‌ను బ్రతికించి ఉంచుకోవలసిందే. అత్యవసరమైతే 112కు సిమ్ నుంచే చేయండి, ఈ యాప్‌లను నమ్ముకోవద్దు.

మొదట 5 యూరోలు వేయండి, అంతకు మించి వద్దు. ఒక నెల చూసి, నచ్చకపోతే ఇంకొకటి చూడవచ్చు.

మరునాడు చేర్చినది: దుబాయ్‌లో రెండు రోజులు ఆగుతున్నానని రాశారు. అక్కడ వాట్సాప్ సందేశాలు వెళతాయి కానీ కాల్స్ పనిచేయవు. బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ వంటి అనుమతి ఉన్నవి మాత్రమే నడుస్తాయి, మీరు ఇక్కడ వేసుకున్న కాలింగ్ యాప్ అక్కడ పనిచేయకపోవచ్చు. ఎవరైనా వీపీఎన్ (నెట్ దారి మార్చి ఇలాంటి అడ్డంకులను దాటించే యాప్) పెట్టుకోమంటే వినవద్దు. దానిని నేరానికి వాడినట్లు తేలితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది. ఆ రెండు రోజులు ఫోన్ రాకపోయినా కంగారు పడవద్దని అమ్మగారికి బయలుదేరే ముందే చెప్పి వెళ్ళండి.