జనవరిలో గాల్వెస్టన్ గడ్డి మడుగుల్లో రెడ్‌ఫిష్ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాను. అక్టోబర్‌లో దగ్గర్లోని గాల్వెస్టన్ తీరపు మడుగుల్లో గడ్డి అంచున రెడ్‌ఫిష్ (ఓ రకం సముద్రపు చేప) గాలానికి బాగానే పడింది, ఇప్పుడు ఉత్తరపు గాలి మొదలయ్యాక రెండు వారాలుగా పొద్దున్నే ఆరింటికే వెళ్లినా ఒక్కటీ తగలడం లేదు. ఏం తప్పు చేస్తున్నాను?

జవాబు: అంత పొద్దున్నే వెళ్లడమే తప్పండి. ఉత్తరపు గాలికి మడుగుల్లో నీళ్లు బయటికి పోతాయి, చేపలు లోతు కాలవల్లోకి దిగుతాయి. మధ్యాహ్నం దాకా ఆగండి, ఎండకి నల్ల బురద వేడెక్కి దాని మీద నీళ్లు కాస్త వెచ్చబడ్డాక అక్కడికే వస్తాయి.

ఇంకో జవాబు: ఎర మెల్లగా లాగండి, చాలా మెల్లగా. చల్లటి నీళ్లలో చేప వెంటపడదు. నేనైతే బతికున్న రొయ్యే వాడతాను.

అడిగినవారు: నిన్న రెండింటికి కాలవ మలుపులో 24 అంగుళాలది పడిందండీ! చాలా థాంక్స్.

మొదటి జవాబు ఇచ్చినవారు: భలే! 20 అంగుళాల లోపువి మాత్రం తప్పకుండా వదిలేయండి.