సద్దాం కువైట్ మీదికి పోయింది అప్పు ఎగ్గొట్టడానికా, తాతల నాటి భూమి కోసమా?

చిట్వేలి_శీను:
మొన్న రాజంపేటలో ఒక పెళ్లికి పోతే బంతిలోనే గొడవ. పందిట్లో సగం మంది కువైట్‌లో చేసి వచ్చినోళ్లే కాబట్టి మాట ఎటు తిప్పినా 1990లో ఇరాక్ పాలకుడు సద్దాం కువైట్‌ను పట్టుకున్న దగ్గరికే వచ్చి ఆగుతుంది. మా మామ ఒకాయన "సద్దాం మొగోడు, వాళ్ల తాతల నాటి భూమి వాళ్లు తీసుకున్నారు" అన్నాడు. మా నాయన అప్పుడు అక్కడ డ్రైవరు. పాయసం గ్లాసు పక్కన పెట్టి "భూమీ లేదు గీమీ లేదు, అప్పు ఎగ్గొట్టడానికి వచ్చినాడు" అన్నాడు. నేను నాయన పక్షమే. 1980 నుంచి 88 దాకా ఇరాన్‌తో కొట్లాడి ఇరాక్ మెడ దాకా అప్పుల్లో మునిగింది, అందులో కువైట్‌కు ఇయ్యాల్సిందే సుమారు 1,400 కోట్ల డాలర్లు. మాఫీ చేయమన్నాడు, వాళ్లు ఒప్పుకోలేదు. ఆగస్టు 2 తెల్లవారుజామున ట్యాంకులు దిగినాయి. మన దగ్గర వడ్డీ తగ్గించమని అప్పిచ్చినోడి కాళ్లు పట్టుకుంటారు, ఈయన ఏకంగా ఇల్లే పట్టుకున్నాడు. ఇందులో తాతలెవరు, భూమెక్కడ?

సాంఘికం_సార్:
శీనూ, మీ నాయన మాట కాదనను గానీ అప్పు పుట్టకముందే ఈ తగాదా ఉంది. 1961లో కువైట్‌కు బ్రిటిష్ వాళ్ల నుంచి స్వాతంత్ర్యం వచ్చి వారం తిరక్కముందే అప్పటి ఇరాక్ పాలకుడు అబ్దుల్ కరీం ఖాసిం అది మాదే అన్నాడు. ఒట్టోమన్ల (టర్కీ సుల్తానుల) కాలంలో ఇప్పటి ఇరాక్‌లోని బస్రా కింద ఉండేదని వాళ్ల వాదన. మళ్లీ 1963లో ఆ ఇరాకే కువైట్‌ను దేశంగా గుర్తిస్తూ సంతకం పెట్టింది, కాబట్టి చట్టం ప్రకారం ఆ వాదన నిలవదు, అది వేరే సంగతి. నేను చెప్పేది సముద్రం గురించి. అంత పెద్ద ఇరాక్‌కు సముద్ర తీరం 60 కిలోమీటర్లు కూడా లేదు. ఉమ్ ఖసర్ రేవు నుంచి ఓడ బయటికి రావాలంటే ఎదురుగా వర్బా, బుబియాన్ దీవులు, రెండూ కువైట్‌వే. ఇంటి ముందు బండిదారి పక్కోడి పట్టాలో ఉంటే ఎట్లుంటుందో మన పల్లెలో ఎవరినన్నా అడుగు.

పులివెందుల_బోరుబండి:
పట్టాలు, అప్పులు మీరు చూసుకోండి సార్, నాకు తెలిసింది బోరు. రుమైలా అని పెద్ద ఆయిల్ క్షేత్రం, ఎక్కువ భాగం ఇరాక్‌లో, దక్షిణం కొస మాత్రం కువైట్‌లోకి వస్తుంది. కువైట్ వాళ్లు అక్కడ ఏటవాలుగా బోర్లు దించి 240 కోట్ల డాలర్ల చమురు లాగేసినారని ఇరాక్ ఫిర్యాదు. మా పనిలో ఇది వింతేమీ కాదు. ఎండిన బావిలోకి మిషను దించి గోడకు అడ్డంగా సైడు బోరు వేస్తే, పైన గట్టు గట్టుగానే ఉంటుంది, కింద పైపు ఎవరి చేనులో ఉందో దేవుడికెరుక. కానీ నన్నడిగితే ఏటవాలు అవసరం కూడా లేదు. నిట్టనిలువుగా తన వైపే దించి మోటారు ఆపకుండా తోడినా కిందిది మెల్లగా ఇటు జరుగుతుంది, దానికి సరిహద్దు తెలీదు కదా. ఒకసారి ముద్దనూరు పక్కన 600 అడుగులు దించితే రెండున్నర ఇంచీల నీళ్లు పడినాయి. మూడో రోజుకు పక్క చేని బోరు దగ్గడం మొదలుపెట్టింది. ఆ రైతు వచ్చి నా బండి ముందర అడ్డంగా పండుకున్నాడు. నాకు అడుగుకింత కూలీ, నేనేం చేసేదప్పా? కాబట్టి ఏటవాలుగా వేసినారా నిలువుగా వేసినారా అని కాదు, ఎంత తోడినారని అడగాలి.

చిట్వేలి_శీను:
అదే కదన్నా నేను చెప్పేది. ఒపెక్ అని ఆయిల్ అమ్మే దేశాల సంఘం ఒకటుంది, అందులో ఒప్పుకున్న కోటా దాటి కువైట్, యూఏఈ తోడి అమ్మినాయి. బ్యారెల్ 18 డాలర్లు ఉండాలనుకుంటే 1990 జూన్‌కు 14 దగ్గరికి పడింది. ఒక్క డాలరు తగ్గితే ఏడాదికి మాకు 100 కోట్ల డాలర్లు పోతాయని సద్దామే మొత్తుకున్నాడు. ఇది డబ్బు కోసం యుద్ధమే.

సాంఘికం_సార్:
అట్లయితే ఒకటి చెప్పు. జులై ఆఖర్లో జెనీవాలో ఒపెక్ కూర్చుని ధర 21 డాలర్లు చేయాలని తీర్మానించింది, కువైట్ కూడా కోటాకు తల ఊపింది. సద్దాం అడిగినదాంట్లో పెద్ద ముక్క చేతికొచ్చింది. వారం తిరక్కుండా ట్యాంకులెందుకు? ఆయిల్ కోసమైతే రుమైలా కొస, రెండు దీవులు పట్టుకుని బేరానికి కూర్చోవచ్చు, దేశమంతా ఎందుకు మింగాలి? ఇరాన్ యుద్ధం ఆగినాక సుమారు 10 లక్షల సైన్యం మిగిలింది. ఇంటికి పంపితే పనుల్లేవు, ఉంచుకుంటే జీతాల్లేవు, ఖాళీగా ఉంటే తన కుర్చీకే ఎసరు. దీన్ని నేను రాజకీయమే అంటాను.

ఏడురోడ్ల_టీకొట్టు:
మీరిద్దరూ అసలోళ్లను వదిలేసి కొసరోళ్లను పట్టుకున్నారు. జులై 25న అమెరికా రాయబారి గ్లాస్పీ బాగ్దాద్‌లో సద్దాంను కలిసి, అరబ్బుల సరిహద్దు తగాదాల్లో మాకు అభిప్రాయం లేదన్నట్టు మాట్లాడింది. పో నాయనా అని చెప్పడం కాదా అది? తర్వాత ఇరాక్‌ను కువైట్ నుంచి తరమడానికి వాళ్లే అయిదు లక్షల మంది సైన్యాన్ని దించినారు. సుమారు 6,100 కోట్ల డాలర్ల ఖర్చులో ఎక్కువ భాగం సౌదీ, కువైట్, జపాన్, జర్మనీలే కట్టినాయి. కొట్టింది వాళ్లు, బిల్లు ఊరోళ్లకు.

చిట్వేలి_శీను:
అన్నా, వాకిలి తీసిపెట్టినోళ్లను తిట్టు, నేనూ తిడతా. కానీ లోపలికి పోయి బిందె ఎత్తుకున్నోణ్ణి వదిలేస్తే ఎట్ల?

సాల్మియా_అక్క:
నేను రాయచోటి నుంచి వచ్చి ఇక్కడ కువైట్‌లో ఇంట్లో పని చేయబట్టి పదకొండేళ్లు. సద్దాం మొగోడు అని పెళ్లి బంతిలో అనుకోండి, ఇక్కడ ఆ పేరు ఎత్తినా మా పెద్ద మామాకు, అంటే ఇంటి పెద్దామెకు, చెయ్యి వణుకుతుంది. ఆమె తమ్ముణ్ణి అప్పుడు పట్టుకుపోయినారు, తిరిగి రాలేదు. అట్ల పోయినోళ్లు 600 మందికి పైనే. ఇప్పటికీ స్టోరు రూంలో ఆరు నెలలకు సరిపడా బియ్యం, నీళ్ల క్యాన్లు పెట్టిస్తుంది, గడువు తీరితే నాతోనే మార్పిస్తుంది. సార్‌ను ఒకటి అడుగుతా. మా భూమి అని వచ్చినోడు బ్యాంకు బంగారం, ఆసుపత్రి సామాన్లు లారీలకెత్తి బాగ్దాద్ పంపుతాడా? తన సొంత ఇంటి దర్వాజాలు ఎవరన్నా పీకి అమ్ముకుంటారా?

సాంఘికం_సార్:
దర్వాజా మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. ఆగస్టు 28న కువైట్‌ను ఇరాక్ 19వ రాష్ట్రం అని ప్రకటించి, పక్కనుంచి దాన్నే దోచుకున్నారు. అయినా సముద్రం సంగతి మాత్రం నేను వదలను. 1993లో ఐక్యరాజ్యసమితి సరిహద్దు గీత గీసినా ఆ నీళ్ల తగాదా తీరలేదు. ఖోర్ అబ్దుల్లా జలమార్గం మీద రెండు దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని ఆమోదించిన చట్టాన్ని 2023లో ఇరాక్ సుప్రీంకోర్టు కొట్టేసింది. సద్దాం పోయినాడు, అప్పుల లెక్కలు మారినాయి, ఆ గొడవ మాత్రం ఉంది.

చిట్వేలి_శీను:
అక్క చెప్పినాక ఇంకొకటి గుర్తొచ్చింది. ఇరాక్ వాళ్లు దిగినాక కువైట్ దినారు, ఇరాక్ దినారు రెండూ సమానం అన్నారంట. అంతకు ముందు బయట ఒక కువైట్ దినారుకు పదికి పైనే ఇరాక్ దినార్లు వచ్చేవి. అంటే వాళ్ల సిపాయి అంగడికి పోయి పదో వంతు ధరకు సామాను మూటగట్టుకోవచ్చు. కొన్నాళ్లకు కువైట్ నోటు చెల్లదనే అన్నారు. మా నాయన ప్యాంటు అంచు కుట్టు విప్పి 310 దినార్లు దాచుకుని బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చినాడు. అప్పుడు అట్ల విమానాల్లో మన సర్కారు వెనక్కి తెచ్చిన మనోళ్లు లక్షా 70 వేల మంది. నాయన దాచుకున్నదాంట్లో ఒక పది దినార్ల నోటు ట్రంకుపెట్టెలో ఇంకా ఉంది, మడతల దగ్గర చీలిపోయింది.

పులివెందుల_బోరుబండి:
పరిహారం రాలేదా మీకు?

చిట్వేలి_శీను:
వచ్చింది, 4,000 డాలర్లు. ఇరాక్ అమ్ముకునే ఆయిల్ డబ్బులో కొంత పట్టుకుని ఐక్యరాజ్యసమితి పంచింది కదా, అందరికీ కలిపి 5,240 కోట్ల డాలర్లు, ఆఖరి కంతు 2022లో కట్టినారు. 1,400 కోట్లు ఎగ్గొడదామని పోయిన లెక్క అది. మా నాయన ఆ డబ్బుతో బోరు వేయించినాడు. 450 అడుగులు, దుమ్ము.

ఏడురోడ్ల_టీకొట్టు:
మరి మీ మామకు?

చిట్వేలి_శీను:
ఆయనకూ వచ్చింది, పెద్ద కూతురి పెళ్లి దాంతోనే చేసినాడు. అందుకే "చూడబ్బీ, అంత కష్టంలోనూ మనల్ని మర్చిపోకుండా డబ్బు పంపినాడు సద్దాం" అంటాడు. ఇంక ఆయనతో ఏం వాదించేది?